బరువు తాడు

ఆటోలోంచి దిగడానికి ఆయన పడిన అవస్థ చూడగానే నూకరత్నం గుర్తుపట్టింది. మనిషిని కాదు, ముందు ఆ రోగాన్ని. రెండు అరచేతులూ మోకాళ్ళ మీద ఆన్చి, తన ఒంటిని తానే ఎక్కుతున్నట్టు, చేతులతో తొడల మీదుగా పైకి పాకుతూ ఆయన నిలబడ్డాడు. మోకాళ్ళ నొప్పులున్న ముసలివాళ్ళు అలా లేవరు. తొడ కండలు లోపలి నుంచి కరిగిపోతున్నవాళ్ళే అలా లేస్తారు. ఆమె తల్లి సత్తెమ్మ చివరి రోజుల్లో అలాగే లేచేది.

తరువాత ముఖం చూసింది. జుట్టు పూర్తిగా నెరిసింది, బుగ్గలు లోపలికి పోయాయి. అయినా ఆ నుదురూ, ఎదుటివాళ్ళ తల మీదుగా ఎటో చూసే ఆ చూపూ మారలేదు.

"ఇక్కడ ఫిజియోథెరపిస్టు ఎవరమ్మా?" అని అడిగాడు, మెట్ల దగ్గర ఆగిపోయి.

"నేనేనండి."

"నా పేరు శ్రీకంఠం. సిటీ నుంచి వస్తున్నాను. కండలు క్షీణించిన పెద్దవాళ్ళు కొందరు మీ దగ్గర మళ్ళీ నడుస్తున్నారని విన్నాను. నిజమేనా?"

"నిజమేనండి," అంది నూకరత్నం. "రండి. నా భుజం పట్టుకోండి."

ఆయన చెయ్యి ఆమె భుజం మీద పడింది. మెట్లు ఎక్కించింది. కుర్చీలో కూర్చోబెట్టి మంచినీళ్ళిచ్చింది. డాక్టర్ వల్లూరి శ్రీకంఠం ఏదో ఒకరోజు తన ఎదుట పడాలని ఆమె ఎన్నేళ్ళుగానో కోరుకుంటోంది. ఇలా తన చేతికే వస్తాడని మాత్రం ఎన్నడూ అనుకోలేదు.

గంగరేవు చేపల వేట మీద బతికే ఊరు. అక్కడి సామాజిక ఆరోగ్య కేంద్రానికి సముద్రం వైపు ఒక పెద్ద హాలు ఉంది. ఊళ్ళోవాళ్ళు దాన్ని ముసలోళ్ళ బడి అంటారు. పొద్దున్నే వచ్చి బీపీ, షుగరు చూపించుకుంటారు. రాగిజావ తాగి, గోడ పట్టుకుని ఒంటికాలి మీద నిలబడతారు. చేతులు ఆన్చకుండా కుర్చీలోంచి లేవడం, తడి నేల మీద జారిపోకుండా నడవడం, పడితే ఎలా లేవాలో, అన్నీ అక్కడే నేర్చుకుంటారు. పొరలు కమ్మిన కళ్ళకి ఆపరేషన్లు, వినపడని చెవులకి మిషన్లు ఆ కేంద్రమే చూసుకుంటుంది. మధ్యాహ్నం అందరూ కలిసి తింటారు. ఇంట్లో పలకరించే దిక్కు లేనివాళ్ళకి కూడా, కనీసం పోట్లాడుకోవడానికైనా, ఆ హాల్లో ఒక మనిషి దొరుకుతుంది.

శ్రీకంఠం మొదటిసారి ఆ ఊరు వచ్చినప్పుడు ఆ హాల్లోనే మైకు పట్టుకుని మాట్లాడాడు. అప్పటికి నూకరత్నం చదువు ముగించి అక్కడ ఉద్యోగంలో చేరి కొద్ది నెలలే అయింది. సిటీలోని పరిశోధనాలయంలో ఆయన తయారుచేసిన సూదిమందు పేరు నవబలం. ముసలి కండకి వయసు కండ బలం తెస్తుందని చెప్పాడు. ముందుకొచ్చిన పెద్దవాళ్ళకి నర్సులు వారం వారం వచ్చి సూది వేశారు.

మందు పనిచేసింది. అదే అందులోని దారుణం. నలభై ఏళ్ళపాటు చేపల గంప నెత్తిన మోసి మోకాళ్ళు అరగ్గొట్టుకున్న సత్తెమ్మ రెండు నెలల్లో చేతికర్ర పారేసింది. మళ్ళీ గంప ఎత్తుకుంది. రేవులో పడవ దగ్గరికి అందరికంటే ముందు పరిగెత్తింది. ఒకనాడు ఇంటికొచ్చి, "ఓలే రత్నం, నా కాళ్ళు నాకొచ్చీసినాయే," అని చిన్నపిల్లలా గెంతింది. నూకరత్నం తల్లి పాదాలు ఒళ్ళో పెట్టుకుని ఏడ్చింది, సంతోషంతో.

పరీక్ష ముగిసిందని నర్సులు రావడం మానేశారు. ఆ నెల తిరక్కుండానే సత్తెమ్మ నేల మీంచి లేవలేకపోయింది. తరువాత చేతులు పోయాయి. తరువాత మింగడం పోయింది. గొంతులో పోసిన గంజి ముక్కులోంచి వచ్చేది. తెలివి మాత్రం చివరిదాకా పోలేదు. కళ్ళు తెరుచుకుని కూతురి వంక చూస్తూనే ఉంది, రొమ్ము కండలు ఊపిరిని ఎత్తలేకపోయే దాకా. అలా ఊళ్ళో ఏడుగురు పోయారు. పరిశోధనాలయం వాళ్ళు కారణం వృద్ధాప్యం అన్నారు. పోయినవాళ్ళంతా ముసలివాళ్ళే కాబట్టి ఆ మాటకి ఎవరూ ఎదురు చెప్పలేకపోయారు.

ఎదురు చెప్పగల మనిషి ఒక్కడే ఉన్నాడు. గంగరేవుకి మందు పంపే ముందు, ఒక ఆదివారం, శ్రీకంఠం తన ప్రయోగశాలలో ఒంటరిగా ఉన్నాడు. మందు ఆపేసి మూడు వారాలైన ముసలి ఎలుకలని చూడటానికి వచ్చాడు. అంతకుముందు అవి బోనులోని చక్రంలో ఆగకుండా పరిగెత్తేవి. ఇప్పుడు బోను అడుగున గుడ్డపీలికల్లా పడి ఉన్నాయి. ఒకదాన్ని అరచేతిలోకి తీసుకుంటే తల వేళ్ళ మధ్య నుంచి జారిపోయింది. కళ్ళు మాత్రం కదులుతున్నాయి.

దాని తొడ కండని సూక్ష్మదర్శిని కింద పెట్టాడు. ప్రతి కండ పోగు పక్కనా విత్తనాల్లాంటి కణాలు నిద్రపోతూ ఉంటాయి. పోగు దెబ్బతిన్నప్పుడు వాటిలో ఒకటి మేలుకుని దాన్ని బాగుచేస్తుంది. బతికినంత కాలం అలా పొదుపుగా వాడుకోవలసినవి అవి. ఆ కండలో ఆయనకి ఒక్క విత్తనం కూడా కనపడలేదు. నవబలం వాటన్నిటినీ ఒక్కసారి నిద్రలేపి ఖర్చుచేసేసింది.

అప్పుడే పరిశోధనాలయం డైరెక్టర్ నుంచి ఫోనొచ్చింది. "గంగరేవు ప్రోగ్రాం ఖాయమేనా శ్రీకంఠం?"

ఎలుక ఇంకా ఆయన ఎడమచేతిలోనే ఉంది.

"ఖాయమే సార్. ఎలుకలు బాగున్నాయి," అన్నాడు.

ఆ సాయంత్రమే ఎలుకలని ఆనవాలు లేకుండా తగలబెట్టించేశాడు. మనుషుల కండ వేరు, మనుషుల్లో ఇలా జరగదు అని తనకి తాను చెప్పుకున్నాడు. జరిగాక, మోతాదు తప్పు అనుకున్నాడు. ఏళ్ళు తిరిగాక కొత్త నవబలం తయారుచేశాడు. అప్పటికి ఆయనకే మెట్లెక్కితే కాళ్ళు వణుకుతున్నాయి. ఈసారి సరిచేశానన్న నమ్మకంతో తానే సూది వేసుకున్నాడు. మూడు నెలలు కుర్రాడిలా తిరిగి, మందు ఆపాక ఒకరోజు స్నానాల గదిలో కూలబడ్డాడు. నడుం నొప్పి అని సెలవు పెట్టి, ఎవరికీ చెప్పకుండా గంగరేవు ఆటో ఎక్కాడు.

గంగరేవులో సూది వేయించుకున్నవాళ్ళంతా చనిపోలేదు. ఆఖరి అడుగుదాకా జారినవాళ్ళలో నలుగురిని నూకరత్నం నిలబెట్టింది. తల్లి పోయాక నిద్రాహారాలు మాని ఆమె వెతికింది ఒకటే, ఇంకా మిగిలిన విత్తనాలేమైనా ఉంటే వాటిని ఒక్కొక్కటిగా ఎలా లేపాలి అని. హాలు గోడకి కప్పీ బిగించి వల తాడు వేలాడదీసింది. తాడు నడుమ గుప్పెడు ఇసుకున్న చిన్న సంచి. మెల్లగా లాగడం, ఆగడం, మళ్ళీ లాగడం. ఎదురుగా ఇంకొకరు కూర్చుని రెండో కొస పట్టుకుంటారు, ఆగవలసిన చోట ఆపడానికి. దానితో పాటు గుడ్డు, పప్పు, ఎండు చేపల పులుసు. నెలలు గడిచాక కండ ఈనెంత నిలిచింది. మరో ఏడాదికి వాళ్ళు నడిచారు.

సంచి పెద్దదైతే మాత్రం మిగిలిన విత్తనాలన్నీ ఒక్కసారి మేలుకుంటాయి. వారం రోజులు ఒళ్ళంతా బలం పొంగినట్టుంటుంది. ఆ తరువాత ఇక ఏమీ ఉండదు. అది కూడా ఒక చావు చూశాకనే తెలిసింది.

మర్నాడు పొద్దున శ్రీకంఠాన్ని నూకరత్నం హాలు చివర, కిటికీ పక్కన ఉన్న తాడు దగ్గర కూర్చోబెట్టింది. నిండా ఇసుక కూరిన పెద్ద సంచి కట్టింది. ఎదురుగా ఎవరినీ కూర్చోబెట్టలేదు.

"ఇంత బరువు లాగాలా?" అన్నాడాయన.

"లాగాలి సార్. మొదట్లో కష్టంగా ఉంటుంది. కొద్ది రోజులు ఓపిక పట్టండి, తేడా మీకే తెలుస్తుంది."

ఆయన నమ్మాడు. ఆమె తల్లి కూడా అలాగే నమ్మింది. ఆయన చేతుల నరాలు ఉబ్బి, ముఖం ఎర్రబడుతుంటే నూకరత్నం చూస్తూ నిలబడింది. ఈ మనిషికి ముందు మింగడం పోవాలి అనుకుంది. కళ్ళు తెరుచుకునే ఉండాలి. గదిలో ఎవరెవరున్నారో తెలుస్తూనే ఉండాలి. ఆ ఆలోచనతో ఆమెకి అన్నం సయించింది, చాలా కాలం తరువాత హాయిగా నిద్ర కూడా పట్టింది.

ఏళ్ళ కిందట ఒక్కసారి మైకు ముందు కనపడ్డ ముఖం హాల్లో ఎవరికీ గుర్తులేదు, ఆయన ఎవరో తెలియదు. వాళ్ళకి తెలిసిందల్లా సిటీ నుంచి ఒక పెద్దమనిషి తమ జబ్బుతోనే వచ్చాడని. మధ్యాహ్నం తన పక్కన చోటు చేసి కూర్చోబెట్టుకుంది గుర్రమ్మ. ఆమె, ఆమె భర్త అప్పలకొండ ఇద్దరూ ఒకప్పుడు సూది వేయించుకున్నవాళ్ళు. ఆమె బతికింది. ఆయన పోయాడు.

"నెత్తళ్ళ పులుసు ఏత్తాను, తింతావేటి బావూ?"

"నేను చేపలు తిననమ్మా."

"అయితే రెండు గుడ్లు తిను. తినకపోతే మా రత్నం ఒప్పుకోదు. మమ్మల్నందర్నీ ఆ పిల్లే బతికించినాది."

ఆయన తల తిప్పి నూకరత్నం వైపు కృతజ్ఞతగా చూశాడు. ఆమె నీళ్ళ గ్లాసు అందించి పక్కకి వెళ్ళిపోయింది.

వారం తిరిగేసరికి శ్రీకంఠం చేతులు ఆన్చకుండా కుర్చీలోంచి లేచాడు. హాలంతా చప్పట్లు కొట్టింది. ఆయన ముఖం వెలిగిపోయింది. "చూశారా! చూశారా!" అంటూ హాలు ఆ చివర నుంచి ఈ చివరకి నడిచాడు. గుర్రమ్మ మాత్రం చప్పట్లు కొట్టలేదు. ఆయన ముఖంలోని ఎరుపుని చూసింది. లేచి వెళ్ళి కిటికీ పక్క తాడుకి కట్టిన సంచిని చేత్తో తడిమింది.

సాయంత్రం అందరూ ఇసుకలో నడకకి వెళ్ళాక ఆమె నూకరత్నం ఎదురుగా వచ్చి కూర్చుంది.

"ఓలే గుంటా, ఆ బావుకి పెద్ద సంచి ఎందుకు కట్టినావు?"

నూకరత్నం నీళ్ళ గ్లాసులు సర్దుతూనే ఉంది.

"మా ముసలోడు నీ మాట ఇనకుండా ఆ సంచే లాగినాడు. ఇలాగే మొకం ఎర్రగయి, వారం రోజులు రేవంతా తిరిగినాడు. మరి తరవాతేటయినాదో నీకు తెలీదేటి? నువ్వే కదే ఆడి నోట్లో నీల్లు పోసినావు!"

"తెలుసత్తా."

"తెలిసే సేసినావా?"

"అతనెవరో నీకు తెలుసా?" అంది నూకరత్నం. "ఆ సూది తయారుచేసినోడు. ఈ హాల్లో మైకులో మాట్లాడినోడు."

గుర్రమ్మ తల తిప్పి కిటికీ పక్క తాడు వంక చూసింది. "అప్పుడు నా కళ్ళకి పొరలుండేవి. మొకం సూల్లేదు," అంది. కొంగుతో ముఖం తుడుచుకుంది. "సచ్చిపోతే నీకేటొస్తాది?"

"అమ్మ పడ్డది అతనూ పడాలి."

"పడతాడు. పడి పోతాడు. మల్లీ ముసలితనం వొల్ల పోనాడని రాసీసుకుంటారు. మావోడు ఎందుకు పోనాడో సెప్పగలిగే నోరు ఈ బూమ్మీద అదొక్కటే కదే. ఆ నోరు మూసీడానికి నీకెంత తొందరే?"

"జాలి పడమంటావా?"

"జాలా?" గుర్రమ్మ నేల మీద ఉమ్మింది. "ఆడు పోతే నాకు నిద్దరట్టదు. బతికుండాల. నలుగురి మద్దెన నిలబడి సెప్పాల. అప్పుడు నువ్వేటి సేసుకున్నా నానడగను."

నూకరత్నం ఆ మాటకి లొంగలేదు. మర్నాడు కూడా పెద్ద సంచే కట్టింది. కానీ ఆ మధ్యాహ్నం మెడికల్ ఆఫీసర్ డాక్టర్ జులేఖా ఆమెని గదిలోకి పిలిచింది. బల్ల పక్కన మంచుపెట్టెలు పేర్చి ఉన్నాయి.

"కొత్త నవబలం," అంది జులేఖా. "ఈసారి కోస్తా పొడుగునా అన్ని కేంద్రాల్లోనూ వేస్తారట. వద్దని పైకి చెప్పాను. మీ ఊళ్ళో పోయింది వయసు వల్లనే అన్నారు. వచ్చే సోమవారం నుంచి మొదలుపెట్టాలి రత్నం. ఆపడానికి నా చేతిలో ఏమీ లేదు."

నూకరత్నం ఆ పెట్టెల వంక చూస్తూ నిలబడిపోయింది. ప్రతి కేంద్రానికీ ఒక హాలుంటుంది. ప్రతి హాల్లోనూ మోకాళ్ళు అరిగిన ఒక సత్తెమ్మ ఉంటుంది. సూది పడ్డాక గెంతుతుంది. ఆపడానికి కావలసిన సాక్ష్యం తన కిటికీ పక్కనే కూర్చుని, తన చేతి మీదుగా చావుకి దగ్గరవుతోంది.

ఆమె నేరుగా హాల్లోకి వెళ్ళింది. అందరూ భోజనాలయ్యాక చాపల మీద నడుం వాల్చారు. శ్రీకంఠం ఒక్కడే తాడు లాగుతున్నాడు. ఆమె చాకుతో సంచి ముడి కోసేసింది. ఇసుక నేల మీద ఒలికిపోయింది.

"ఏమిటిది?" అన్నాడాయన.

"ఈ తాడు మిమ్మల్ని చంపుతోంది. మొదటి రోజు నుంచీ. తెలిసే కట్టాను."

ఆయనకి మొదట అర్థం కాలేదు. ఆమె అంతా చెప్పింది. విత్తన కణాల సంగతి, అప్పలకొండ సంగతి, తల్లి ముక్కులోంచి గంజి రావడం, అంతా. గొంతు ఎత్తకుండా చెప్పింది. చివర్న అంది, "మీ కాళ్ళు ఎలాగూ పోతాయి. ఇప్పటి నుంచి చిన్న సంచి లాగితే ఊపిరి నిలుస్తుంది. మీ మందు గురించి పైవాళ్ళకి ఫోన్ చేసి చెప్పండి. సోమవారం నుంచి అందరికీ వేస్తున్నారు."

శ్రీకంఠం నేల మీది ఇసుక వైపు, ఆమె చేతిలోని చాకు వైపు చూశాడు. తరువాత అన్నాడు, "అబద్ధం."

"ఏది?"

"నాకు బలం వస్తోంది. నా ఒళ్ళు నాకు తెలియదా? అసలైన చికిత్స ఇదే. ఇది నాకు దక్కకూడదని ఇప్పుడు పగతో ఆపుతున్నావు. నన్ను భయపెట్టి నా మందు ఆపించాలని చూస్తున్నావు!"

"సార్..."

"నువ్వు వెళ్ళు."

ఆయన కుర్చీలోంచి లేచాడు. లేవగలిగినందుకు ఆయన కళ్ళలో గర్వం కనపడింది. తానే ఇంకో సంచిలో ఇసుక నింపుకుని, తానే ముడి వేసుకున్నాడు. నూకరత్నం ఆ ముడి విప్పబోతే ఆమె చేతిని తోసేశాడు. ఆ సాయంత్రం, ఆ మర్నాడు పొద్దున ఆమె ఎంత చెప్పినా వినకుండా లాగుతూనే ఉన్నాడు. జులేఖా వచ్చి వారిస్తే, "నేను డాక్టర్నమ్మా," అన్నాడు.

రెండో రోజు మధ్యాహ్నం భోజనాల దగ్గర ఆయన చేతిలోంచి ముద్ద జారింది. ఏరుకుని మళ్ళీ నోట్లో పెట్టుకున్నాడు. అది గొంతులోకి దిగలేదు. ముఖం నల్లబడింది. దగ్గు రావడం లేదు, దగ్గడానికి కండ లేదు. పక్కన కూర్చున్న గుర్రమ్మ వీపు మీద గుద్దుతూ, "రత్నం! ఓలే రత్నం!" అని అరిచింది.

నూకరత్నం గుమ్మంలో ఉంది. ఇది ఆమె కోరుకున్నదే. ఆయన కళ్ళు తెరుచుకునే ఉన్నాయి. ఆమెనే చూస్తున్నాయి. ఒక్క క్షణం ఆమె కదల్లేదు. ఆ క్షణం ఎంత తియ్యగా ఉందో ఆమెకి తరువాత కూడా గుర్తుంది, దాన్ని ఆమె ఎన్నడూ కాదనలేదు. తరువాత పరిగెత్తింది. ఆయన్ని వెనక నుంచి పట్టుకుని, పిడికిలి పొట్ట మీద ఆన్చి పైకి గుంజింది. ముద్ద బయట పడింది. ఆయన ఊపిరి ఈలలా లోపలికి వెళ్ళింది.

చాలాసేపటికి మాట వచ్చింది. "వాటికీ ఇలాగే ఉండి ఉంటుంది," అన్నాడు. ఎలుకల గురించి అంటున్నాడని అక్కడ ఎవరికీ తెలియదు. "ఫోన్ ఇవ్వండి."

ఆదివారం నాడు సిటీలోని పెద్దలు కొందరు హాలు గోడ మీది తెరలో కనపడ్డారు. జులేఖా శ్రీకంఠాన్ని మంచంతో సహా తెర ముందుకి జరిపింది. ఆయన లేవలేకపోయాడు. తొడ మీది దుప్పటి తీయమన్నాడు. కర్రకి చర్మం చుట్టినట్టున్న ఆ కాలిని వాళ్ళకి చూపించాడు. తన చేతిలో జారిపోయిన ఎలుక తల గురించి చెప్పాడు. డైరెక్టర్‌తో ఫోన్లో అన్న మాట చెప్పాడు. గంగరేవులో ఎవరూ వయసు వల్ల పోలేదని చెప్పాడు. మధ్యలో రెండుసార్లు ఊపిరి అందక ఆగవలసి వచ్చింది. వెనక చాపల మీద ముసలివాళ్ళంతా కూర్చున్నారు. గుర్రమ్మ ఆయన ప్రతి మాటకీ తల ఊపుతూ, కళ్ళ నీళ్ళు కారుతుంటే తుడుచుకోకుండా వింది.

మంచుపెట్టెలు వచ్చిన దారినే వెనక్కి వెళ్ళాయి. మిగిలిన కేంద్రాల్లో కూడా సూదులు వేయలేదు. పరిశోధనాలయం మీద విచారణ మొదలైంది.

విచారణకి వచ్చిన అధికారి గంగరేవులో మరో ప్రశ్న అడిగాడు. ఇక్కడికి నడిచి వచ్చిన మనిషి కాళ్ళు ఇంత త్వరగా ఎలా పోయాయి?

శ్రీకంఠం నూకరత్నం వైపు చూడకుండా జవాబిచ్చాడు. "తప్పు నాదే. ఈ అమ్మాయి వద్దంటున్నా వినకుండా పెద్ద సంచి నేనే కట్టుకుని లాగాను. హాల్లో అందరూ చూశారు."

అందులో సగం నిజమే. చాపల మీద ఉన్నవాళ్ళు అవునన్నారు. అధికారి లేవబోయాడు. నూకరత్నానికి ఒక్కసారిగా ముఖం మండిపోయింది. తన తల్లిని చంపిన మనిషి తనని కాపాడుతున్నాడు. ఇక ఈ బతుకంతా, ఈ ఉద్యోగమంతా అతని చలవతో నిలిచినట్టవుతుంది.

"ఆగండి," అంది. "ఆయన కట్టుకున్నది ఆఖరి రెండు రోజులే. అంతకుముందంతా నేనే కట్టాను. చంపడానికే కట్టాను."

జులేఖా తల పట్టుకుంది. "ఎందుకు చెప్పావు రత్నం?" అని తరువాత గదిలో కేకలేసింది. "ఆయనే నిన్ను బయటపడేశాడు కదా!"

"అతని భిక్ష నాకొద్దు మేడం."

ఉద్యోగం పోయింది. రెండేళ్ళపాటు ఏ రోగినీ ముట్టుకోకూడదన్నారు. ఆమె మీద తనకి ఫిర్యాదు లేదని శ్రీకంఠం చెప్పడంతో జైలు తప్పింది. అది కూడా ఆయన ఇచ్చినదే కావడం ఆమెకి ముల్లులా గుచ్చుకుంటూనే ఉంది. తన అన్నయ్య పడవ మీద వచ్చే చేపలు సంతకి తీసుకెళ్ళి అమ్మడం మొదలుపెట్టింది. కేంద్రంలోకి కొత్త ఫిజియోథెరపిస్టు వచ్చాడు. ఆమె నేర్పిన పద్ధతినే ఇప్పుడు మిగిలిన కేంద్రాలవాళ్ళు వచ్చి చూసి వెళుతున్నారు. గోడకి కప్పీ, వల తాడు, గుప్పెడు ఇసుక, ఎదురుగా ఒక మనిషి.

శ్రీకంఠం సిటీకి తిరిగి వెళ్ళలేదు. విచారణాధికారులే ఆయన ఉన్నచోటికి వచ్చి వెళుతున్నారు. ఆయన కాళ్ళు పూర్తిగా పోయాయి. చేతుల్లో ఈనెంత కండ నిలిచింది. గంజి దిగుతోంది, ఊపిరి ఆడుతోంది. రోజూ చక్రాల కుర్చీలో హాలుకి తీసుకొస్తారు. అప్పుడప్పుడు గుర్రమ్మ ఆయనకి రెండో కొస పడుతుంది. ఒక్క మాట మాట్లాడదు. తాడు ఎక్కడ ఆపాలో అక్కడ ఆపి, లేచి వెళ్ళిపోతుంది. మిగిలినవాళ్ళు కూడా అంతే. ఒకప్పుడు చప్పట్లు కొట్టిన హాలు అది.

వాన ముసురు పట్టిన ఒకరోజు చాలామంది రాలేదు. సంత లేక నూకరత్నం గుర్రమ్మని చూసి పోదామని హాలుకి వచ్చింది. రోగిని ముట్టుకోవడానికి ఆమెకి అనుమతి లేదు గానీ తాడు కొస ఎవరైనా పట్టుకోవచ్చు. గుర్రమ్మ జ్వరంతో ఇంటి దగ్గరే ఉండిపోయింది. కొత్త ఫిజియోథెరపిస్టు అటూ ఇటూ చూసి, "అక్కా, కాస్త పట్టుకుంటారా?" అని అడిగాడు. నూకరత్నం వెళ్ళి శ్రీకంఠం ఎదురుగా కూర్చుంది.

ఆయన తలెత్తి చూశాడు. ఇద్దరి మధ్యా తాడు బిగిసింది, వదులైంది, మళ్ళీ బిగిసింది.

"మొన్న వాళ్ళొచ్చారు," అన్నాడు మెల్లగా. "చనిపోయినవాళ్ళ గురించి మాట్లాడవలసి వచ్చింది. నాకు ఒక్కరి పేరూ తెలియదు. అందరి పేర్లూ తెలుసుకుంటున్నాను, ఒక్కొక్కరి ఇంటివాళ్ళని అడిగి. వాళ్ళు చెబుతున్నారు." కాసేపు ఊపిరి కూడదీసుకున్నాడు. "మీ అమ్మగారి పేరేమిటమ్మా?"

ఆమె చెయ్యి ఆగింది. చిన్న సంచి గాలిలో వేలాడుతూ నిలిచిపోయింది. పేరు నాలుక మీదికి వచ్చింది. ఊళ్ళో ఎవరిని అడిగినా చెబుతారు, ఆయనకీ అది తెలుసు. అయినా ఎవరినీ అడగకుండా ఆమె కోసమే దాచుకున్నాడని ఆ ముఖం చూస్తేనే అర్థమవుతోంది.

"చెప్పను," అంది.

ఆయన కళ్ళు దించుకున్నాడు.

"నా నోటితో మీకు ఎప్పటికీ చెప్పను. ఎవరి దగ్గరైనా తెలుసుకోండి, అది మీ ఇష్టం. నేను ఇచ్చానని మాత్రం అనుకోవడానికి వీల్లేదు."

బయట వాన జోరు పెరిగింది. ఆయన వేళ్ళు తాడు మీద సడలుతున్నాయి. సంచి కొంచెం కిందికి జారింది. ఇప్పుడు వదిలేస్తే ఆ చేతులు కూడా మెల్లగా పోతాయని ఇద్దరికీ తెలుసు.

"వదలకండి," అంది నూకరత్నం. తన కొసని బిగించి పట్టుకుంది. "లాగండి."